కుండకు తల లేపుడు రాదు

చెక్క పెటిల్లుమంది. తుపాకి మోతలో ఆ చప్పుడు కలిసిపోవాల్సిందే. కానీ గొయ్యిలో గొంతుక్కూర్చుని వెదురుగడ పట్టుకున్న గీతకు అది విడిగా వినపడింది. మొహం మీద వెచ్చగా ఏదో చిమ్మింది. చెమట అనుకుని భుజానికి తుడుచుకుంది. జాకెట్టు చెయ్యి ఎర్రబడింది.

పక్కన ఆమె అన్న జగన్ ఇంకా గడ వదల్లేదు. గడ చివర అట్టబొమ్మ ఒక్క క్షణం నిటారుగానే ఉంది. ఆ తర్వాత బొమ్మ ఒరిగింది. దాని వెనక గడ ఒరిగింది. దాని వెనక మనిషి ఒరిగాడు.

"ఆగినవేందిరా జగన్? లేపు! టైమ్ నడుస్తుంది!"

అరిచింది రాకేష్. పది మీటర్ల అవతల, చెవులకు మూతలు, కళ్ళకు పచ్చటి అద్దాలు, చేతిలో విదేశీ రైఫిలు. గీత పెట్టిన కేక ఆ మూతల్లోంచి అతనికి చేరడానికి ఇంకా రెండు గుండ్లు పట్టింది.

మీర్‌పేట్ దాటాక పాత రాళ్ళ క్వారీ ఉంది. దాని యజమాని నర్సింహ పటేల్. కొడుకు రాకేష్ కోసం ఆ క్వారీని షూటింగ్ రేంజిగా మార్చాడు. ప్రాక్టికల్ షూటింగ్ అంటారు ఆ ఆటని. ఒక చోట నిలబడి ఒకే బొమ్మను కొట్టడం కాదు. పరుగెత్తాలి, వంగాలి, దగ్గరవీ దూరానివీ బొమ్మలు లేచినవి లేచినట్టు కొట్టుకుంటూ పోవాలి. వేరే చోట్ల బొమ్మల్ని మోటార్లు లేపుతాయి. నర్సింహ పటేల్ రేంజిలో కూలీలు లేపుతారు.

వాళ్ళ కోసం ఒక గొయ్యి. ముందు ఇసుక సంచుల వరస. సంచులు వానకు తడవకుండా పైన అడ్డంగా, ముందుకు వాలుగా, ఒక చెక్క. గొయ్యి లోతుగా తవ్వడం మొదలెడితే బండ తగిలింది. పేల్చడం ఎందుకు, కూలీలే ఇంకాస్త వంగుతారు అన్నాడు పటేల్. వంగితే తల సరిగ్గా చెక్క కిందికి వచ్చేది. ఈల వినపడగానే గడలు ఎత్తాలి. దగ్గరి ఆటకైతే బొమ్మ మొత్తం కనపడకూడదు, తల ఒక్కటే చెక్క పైకి కనపడాలి. ఆ అట్టతల మీద రాకేష్ గురి పెట్టాడు.

అట్టతలకి చిన్న బొక్క కూడా పడలేదు.

*

దవాఖాన దగ్గర ఎస్సై ఎక్కువ మాట్లాడలేదు.

"తల లేపిండు. తగిలింది. తప్పు వానిదే."

"లేపలే సార్." గీత ఇంకా అదే జాకెట్టులో ఉంది. "నేను పక్కనే ఉన్న. వంగే ఉన్నడు. చెక్కల నుంచి వచ్చింది గుండు. చెక్కకు బొక్క ఉంది, చూడుండ్రి."

"ఏ చెక్క? పోయి చూసొచ్చిన. ఆడున్నది కొత్త చెక్క. బొక్క లేదు, గిక్క లేదు."

గీత తన జాకెట్టు చెయ్యి వైపు చూసుకుంది. అన్న రక్తం ఆరకముందే పాత చెక్క పొయ్యిలోకి పోయింది.

"ఖూనీ చేసి చెక్క కాలబెడ్తరా?" అని వెనక నుంచి అరిచింది పెంటమ్మ. గొయ్యిలో మూడో గడ ఆమెదే. నోరు విప్పితే ఎల్.బి.నగర్ కూలీల అడ్డా మొత్తం పక్కకు జరుగుతుంది. "ఆ పిల్లగాని తల చెక్క కింద ఉండె. నా కండ్లతోని చూసిన. ఏం, నా కండ్లు కూడా కాలబెడ్తరా?"

లాఠీ ఆమె మోకాలి వెనక పడింది. పెంటమ్మ కూలబడింది. ఆమెను లేపబోయిన ఇద్దరు కుర్రాళ్ళ వీపులు చిట్లాయి. శవాల గది గుమ్మంలో, పడుకోబెట్టిన జగన్ కాళ్ళ దగ్గర, బతికున్న వాళ్ళని కొట్టారు. పటేల్ పంపిన ఇద్దరు బౌన్సర్లు కారుకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. ఒకడు సోడా తాగుతున్నాడు.

జగన్‌కి పెళ్ళి కాలేదు. తల కొరివి పెట్టడానికి కొడుకు లేడు. కుండ గీతే ఎత్తుకుంది. కాటి చుట్టూ తిరుగుతుంటే వెనక నుంచి కులపెద్ద కొడవలి మొనతో కుండకు పొడిచాడు. ఒక చుట్టుకు ఒక బొక్క. భుజం మీది నుంచి నీళ్ళు సన్నగా వీపు మీదికి కారాయి. ఆ చల్లదనం ఆమెను వదల్లేదు. అవే నీళ్ళు గొయ్యి ముందరి ఇసుక సంచుల మీదికి కారితే ఎలా ఉంటుందో అన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

*

మర్నాడు పొద్దున ఎల్.బి.నగర్ అడ్డా మీద పని బంద్ అయింది. ఫ్లైఓవర్ నీడలో తట్టలూ పారలూ పక్కన పెట్టి జనం కూర్చున్నారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్ళ నుంచి కొందరు విద్యార్థులు వచ్చారు. వాళ్ళుండే హాస్టలు బిల్డింగు కూడా నర్సింహ పటేల్‌దే. కిరాయి పెంచి, నీళ్ళు ఆపి, అడిగిన వాళ్ళ సామాను రోడ్డు మీద పడేసిన చెయ్యి ఎవరిదో వాళ్ళకు తెలుసు.

"ఆదివారం పోటీలున్నయట," అన్నాడు లచ్చయ్య. అడ్డా మీద పాత మనిషి. రేంజికి కూలీలను కూర్చేది అతనే. "పెద్దోళ్ళు వస్తున్నరు. గడలు పట్టనీకి మందిని తెమ్మన్నడు పటేల్. నేనొక మాట చెప్తా, తిట్టుకోకురి. పోయినోడు పోయిండు. పటేల్ ఇచ్చింది తీస్కొని సప్పుడు జేయక..."

"నీ కొడుకైతే గిట్లనే అంటవా లచ్చన్నా?" అంది పెంటమ్మ.

లచ్చయ్య తల వంచుకున్నాడు.

"తగలబెడదాం!" అని కుర్రాళ్ళు లేచారు. "రేంజికి అగ్గి పెడదాం!"

"పెట్టుండ్రి," అంది గీత. అంతసేపటికి ఆమె మాట్లాడటం అదే మొదలు. "రేపు పేపర్ల ఏం రాస్తరు? కూలోళ్ళు అగ్గి పెట్టిన్రు అని. మా అన్న తల లేపి సచ్చిండు అన్నది అట్లనే ఉంటది. ఎల్లుండి కొత్త గొయ్యి తవ్వుతరు. అందుల ఇంకొక జగన్ కూసుంటడు. నాకు ఆ గొయ్యి పూడాలె. అన్న తల లేపలేదని పటేల్ కొడుకు నోటితోనే ఒప్పుకోవాలె."

అప్పుడు జనం వెనక నుంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. రేంజిలో తుపాకులు చూసే పట్టాభి. పారామిలిటరీలో తుపాకులు బాగుచేసి రిటైరయి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్న కోస్తా మనిషి.

"వచ్చిండమ్మా పటేల్ మనిషి," అని ఎవరో అన్నారు. ఒక ఇటుక ముక్క అతని చెప్పు పక్కన పడింది.

పట్టాభి ఇటుక వైపు చూడలేదు. "మీ అన్నయ్య తల లేపలేదమ్మా," అన్నాడు గీతతో. "లేపక్కర్లేదు. ఆ తుపాకీతో ఆ దూరంలో కొడితే గుండు తగిలేది చెక్కకే."

"అర్థమయ్యేటట్టు చెప్పు సారూ."

"మొక్కలకి పైపుతో నీళ్ళు కొడతారు కదా. పైపు నడుం దగ్గర ఉంటుంది, కన్ను పైన ఉంటుంది. దూరంగా ఉన్న మొక్కని చూస్తూ పైపు మూతి కాస్త ఎత్తుతారు. నీళ్ళు కింద నుంచి లేచి ఆ మొక్క దగ్గర మీ చూపుని కలుస్తాయి. తుపాకీ అంతే. చూసే అద్దం పైన, గొట్టం కింద. ఏ దూరంలో రెండూ కలవాలో మనమే చూసుకుని బిగిస్తాం. దాన్ని జీరో అంటారు. మరి మొక్కకి బాగా ఇవతల, మీ ముందే ఎవరైనా నిలబడితే? చూపు వాడి మొహం మీద ఉంటుంది. నీళ్ళు వాడి పొట్ట మీద పడతాయి."

పైన ఫ్లైఓవర్ మీద బస్సులు పోతున్నాయి.

"రాకేష్‌కి నేను యాభై మీటర్లకి జీరో పెట్టుకో అన్నాను. ఈ ఆటలో బొమ్మలు చాలా వరకు దగ్గర్లోనే ఉంటాయి, యాభైకి పెట్టుకుంటే దూరానికీ పెద్ద తేడా రాదు. వందకే కావాలన్నాడు. వందలో రూపాయి బిళ్ళని కొట్టి వీడియో తీసి అందరికీ పంపుకున్నాడు. సరే, ఏదైనా పెట్టుకో, పది మీటర్లలో మాత్రం గుండు మూడు వేళ్ళు కిందికే కొడుతుంది, అక్కడ పైకి గురిపెట్టాలి బాబూ అన్నాను. 'జీరో అంటే జీరోనే గద అంకుల్, దగ్గరేంది, దూరమేంది' అని నవ్వాడు. అట్టతల కింది అంచు మీద అద్దంలోని చుక్క పెట్టి కొట్టాడు. మూడు వేళ్ళ కింద మీ అన్నయ్య ఉన్నాడు. మనుషుల్ని పెట్టొద్దు, మోటార్లు పెట్టండి అని వాళ్ళ నాన్నకి ముందే చెప్పాను. వినలేదు."

పెంటమ్మ వాచిన మోకాలు పట్టుకుని లేచింది. కుంటుకుంటూ అతని ఎదుటికి వచ్చింది.

"ఎవలికి చెప్పినవ్ సారూ?"

"పటేల్ గారికి. ఆ అబ్బాయికీ."

"గొయ్యిల కూసున్నది ఎవలు?"

పట్టాభి ఆమె వాచిన మోకాలి వైపు చూశాడు.

"మేము. మాకు చెప్పినవా? పొద్దుగాల వస్తుంటే రోజూ మా ముంగటికెల్లే నడిచి పోతుంటివి. 'అమ్మా, ఈ దగ్గరి ఆటల కూసోకురి, గుండు కిందికొస్తది' అని ఒక్క మాట. నీ నోరేం అరిగిపోదు గదా. తుపాకి ఉన్నోనికి చెప్పినవ్, తల ఉన్నోళ్ళకు చెప్పలే."

గొడుగు పట్టాభి చంకలోంచి జారి కింద పడింది. అతను దాన్ని తీసుకోలేదు.

"చెప్పలేదు," అన్నాడు. "అందరి ముందూ చెబుతాను. కోర్టులో చెబుతాను."

"నువ్వు చెప్తే పటేల్ పదిమంది వేరే సార్లను తెస్తడు," అంది గీత. "చెప్పుడు కాదు, చూపియ్యాలె. లచ్చన్నా, పటేల్‌కు ఫోన్ చెయ్. గడలు పట్టనీకి మంది వస్తున్నరని చెప్పు. అడ్డా అడ్డా అంతా వస్తున్నరని చెప్పకు."

లచ్చయ్య ఫోను తీశాడు. పటేల్ నంబరు నొక్కాడు.

*

ఆదివారం ఎండ చిటచిటలాడుతోంది. క్వారీలో షామియానాలు, బౌన్సర్లు, జూబ్లీహిల్స్ కార్లు. షామియానా కింద మొదటి వరసలో ముఖ్య అతిథి. ఆయన పక్కన నర్సింహ పటేల్ తెల్లబట్టల్లో.

గొయ్యిలోకి దిగబోతున్న గీత దగ్గరికి రాకేష్ వచ్చాడు. రైఫిలు మెడలోంచి వేలాడుతోంది. "రెడీనా?"

"రెడీ."

ఈల మోగింది. గొయ్యిలోంచి ఒక్కటే అట్టతల లేచింది, జగన్ కూర్చునే చోట. మిగతా గడలేవీ లేవలేదు. రాకేష్ తుపాకి ఎత్తబోయి ఆగాడు. గొయ్యిలోంచి కూలీలు ఒక్కొక్కరే పైకి ఎక్కి వస్తున్నారు. వచ్చి, తుపాకుల వరస వెనక్కి నడిచి నిలబడ్డారు. గేటు బయట ఆగిన అడ్డా జనమూ, విద్యార్థులూ లోపలికి నెట్టుకొచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి.

"ఏందే ఇది?" అన్నాడు పటేల్ లేచి.

"గొయ్యిల ఎవరూ లేరు పటేలా," అంది గీత, అందరికీ వినపడేట్టు. "గడ కట్టేసినం. దాని కింద ఇటుకల మీద ఒక కుండ పెట్టినం, నీళ్ళు నింపి. మా అన్న తల ఎంత కిందికి ఉండెనో అంత కిందికే. చెక్క కిందికి. మీ కొడుకును కొట్టమనుండ్రి. బొమ్మకు తగిలితే మా అన్నే తల లేపిండు, తప్పు మాదే, మేము గొయ్యిలకు దిగుతం. కుండకు తగిలితే..."

"లాగుండ్రిరా దీన్ని బయటికి!"

"కుండకు తల లేపుడు రాదు పటేలా!" అని పెంటమ్మ గొంతు చించుకుంది.

జనం ఆ మాట అందుకున్నారు. క్వారీ గోడలకు తగిలి అది మళ్ళీ వచ్చింది. పోటీకి వచ్చిన తోటి షూటర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు మూతి పక్కకి తిప్పి నవ్వాడు. "పది మీటర్లే కదా బ్రో. భయమా?"

"వద్దురా," అన్నాడు పటేల్.

కానీ రాకేష్ అప్పటికే చెవులకు మూతలు పెట్టుకుని, ఆ రోజులాగే అట్టతల కింది అంచు మీద చుక్క పెట్టాడు. "నా జీరో కరెక్ట్ నాయినా. చూడు."

కొట్టాడు.

చెక్క పెటిల్లుమంది. గీత కళ్ళు మూసుకోలేదు. చెక్క వెనక కుండ భళ్ళున పగిలింది. నీళ్ళు ఎగజిమ్మి, ఇసుక సంచుల మీదుగా సన్నటి ధారలుగా దిగాయి. పైన అట్టతల ఎండలో తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది.

ఫోన్లన్నీ రాకేష్ వైపు తిరిగాయి.

"అద్దం కదిలింది! ఎవడో ముట్టిండు నా గన్!" అంటూ తుపాకి తిప్పి, దూరాన వంద మీటర్ల దగ్గర గోడకు కట్టిన బొమ్మను కొట్టాడు. షామియానా పక్కన పెట్టిన స్క్రీను మీద బొమ్మ నడినుదుట నల్లటి చుక్క మెరిసింది. "చూసిన్రా? కరెక్టే ఉంది! గన్ కరెక్టే ఉంది!"

"తుపాకీ కరెక్టే బాబూ." పట్టాభి జనంలోంచి రెండడుగులు ముందుకు వేశాడు. "కదిలిందేమీ లేదు. ఇప్పుడు నువ్వే రుజువు చేశావు. ఆ రోజూ ఇంతే కరెక్టుగా ఉంది. పది మీటర్లలో కిందికి కొడుతుందని చెప్పాను. నవ్వావు."

"నోర్ముయ్ అంకుల్!"

రాకేష్ మళ్ళీ దగ్గరి బొమ్మ వైపు తిరిగి కొట్టాడు. చెక్కకు రెండో బొక్క పడింది, మొదటి దాని పక్కనే. ఇంకోసారి కొట్టాడు. మూడో బొక్క. అట్టతల అలాగే చూస్తోంది. నీళ్ళింకా కారుతున్నాయి.

"అయితే..." అన్నాడు రాకేష్. తుపాకి దించాడు. "అయితే వాడు తల లేపలేదా?"

ఆ మాట అన్ని ఫోన్లలోనూ పడింది.

"కొట్టుండ్రిరా!" అని నర్సింహ పటేల్ అరిచాడు.

బౌన్సర్లు ఇనుప రాడ్లతో దిగారు. మొదటి దెబ్బ పట్టాభికి పడింది. మెడ దగ్గర ఎముక విరిగిన చప్పుడు గీతకు వినపడింది. రెండోది ఒక విద్యార్థి మోచేతి మీద పడింది. షామియానా గుంజలు ఒరిగాయి. ముఖ్య అతిథి కుర్చీ వదిలి కారు వైపు పరుగెత్తాడు. వెదురుగడలు లేచాయి. ఇన్నాళ్ళూ రాకేష్ కోసం అట్టతలల్ని మోసిన గడలే. ఒక గడ బౌన్సర్ పళ్ళ మీద పడింది. ఇంకొకటి రాడ్డు పట్టిన మణికట్టు మీద పడింది. పెంటమ్మ కుంటుతూనే ఒకడి కాళ్ళ మధ్య గడ దూర్చి బోర్లా పడేసింది. "సోడా తాగినవ్ కదరా ఆ రోజు, మన్ను తిను ఇయ్యాల!" అని వాడి వీపు మీద కూర్చుంది.

రాకేష్ వెనక్కి వెనక్కి జరుగుతూ తుపాకి ఎత్తాడు. గీత నుదుటి మీద గురి పెట్టాడు. గీత ఆగలేదు. నడుస్తూనే ఉంది.

పక్క నుంచి ఒక ముసలి చెయ్యి వచ్చి గొట్టం మూతిని పట్టుకుని పక్కకు తోసింది. లచ్చయ్య.

మోత మోగింది. లచ్చయ్య అరచేతి నడుమ నుంచి గుండు దూసుకుపోయి బండలో తగిలింది. రక్తం గొట్టం వెంట కారింది. వేడికి తోలు కాలిన వాసన వచ్చింది. అయినా లచ్చయ్య వదల్లేదు. రెండో చెయ్యి కూడా వేశాడు.

"నా కొడుకైతే, అన్నవ్ గద పెంటమ్మా," అన్నాడు పళ్ళ బిగువున. "గుంజుండ్రి దీన్ని!"

పది చేతులు తుపాకిని గుంజుకున్నాయి. రాకేష్ మోకాళ్ళ మీద పడ్డాడు. ఒక కుర్రాడు గడ ఎత్తాడు, తల మీద దించడానికి. గీత ఆ గడను పట్టుకుని ఆపింది.

"వద్దు. వీడు బతకాలె. ఇప్పుడన్న మాట కోర్టుల మళ్ళ చెప్పాలె. రాండ్రి, మన పని వేరే ఉంది."

అందరూ గొయ్యి మీద పడ్డారు. బొక్కలు పడ్డ చెక్కను విద్యార్థులు ఊడదీసుకున్నారు. అది తలల మీదుగా చేతులు మారుతూ గేటు దాటి, దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే ఆటో ఎక్కింది. ఇసుక సంచులు గొయ్యిలోకి దొర్లాయి. మట్టి, రాళ్ళు, విరిగిన కుర్చీలు, అట్టతలలు కూడా దొర్లాయి. పారలు లేని వాళ్ళు చేతులతో తోశారు. విరిగిన ఎముకతో పట్టాభి ఒంటిచేత్తో తోశాడు. పోలీసు బండ్ల సైరన్లు వినపడేసరికి గొయ్యి ఉన్న చోట నేల సమంగా ఉంది. దాని మీద గీత కూర్చుంది. ఆమె చుట్టూ అడ్డా మొత్తం కూర్చుంది.

*

రాకేష్‌ను ఏసీ దవాఖానలో చేర్చారు. ఛాతీనొప్పి అన్నారు. లచ్చయ్యను చెయ్యి కట్టు కట్టకుండానే స్టేషనుకు తెచ్చారు. గీత, పట్టాభి, లచ్చయ్య, మరికొందరి మీద దొమ్మీ కేసు పెట్టారు. లాకప్పులో ఎవరి వీపూ మిగల్లేదు.

సోమవారం పొద్దున కోర్టుకు తీసుకుపోతున్న వ్యాను ఎల్.బి.నగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగింది. జాలీ కిటికీలోంచి గీత చూసింది. కింద అడ్డా. ఎప్పటిలాగే తట్టలూ పారలూ ఉన్నాయి. పటేల్ మేస్త్రీ డీసీఎం లారీ ఆపి, డోరు మీద ఎక్కి అరుస్తున్నాడు.

"మీర్‌పేట్ రేంజికి! గొయ్యి మళ్ళ తవ్వాలె! డబుల్ కూలీ! ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!"

ఒక్కరూ లేవలేదు. నిన్నగాక మొన్న ఊళ్ళ నుంచి వచ్చి, జగన్ మొహం కూడా చూడని వాళ్ళు సైతం లేవలేదు. బండి ఇంజను అలా నడుస్తూనే ఉంది.

అప్పుడు పెంటమ్మ లేచింది. గొయ్యిలో గడలు పట్టిన వాళ్ళలో నిన్న పోలీసులకు చిక్కనిది ఆమె ఒక్కతే. కుంటుకుంటూ బండి దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న కొత్త కుండను బానెట్ మీద బోర్లించింది.

"గిదాన్ని తీస్కపో మేస్త్రీ. గొయ్యిల కూసోబెట్టు. మేము రాము."

అడ్డా అంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే ఎవరో ఆ మాట ఎత్తుకున్నారు. "కుండకు తల లేపుడు..." మిగతాది ఫ్లైఓవర్ కింద ఉన్న గొంతులన్నీ పూర్తి చేశాయి. రోడ్డు అవతల కాలేజీ బస్సులోంచి కూడా గొంతులు కలిశాయి.

"ఏయ్, తలలు కిందికి దించుండ్రి!" కానిస్టేబుల్ లాఠీతో వ్యాను రేకు మీద కొట్టాడు. "బయట ఫోన్లు పట్టుకొని ఉన్నరు. దించుండ్రి అంటున్న!"

గీత తల లేపింది.

పక్కన లచ్చయ్య లేపాడు. ఒక చెయ్యిని తువ్వాలుతో మెడకు వేలాడదీసుకున్న పట్టాభి, నొప్పికి కళ్ళ నీళ్ళు తిరుగుతున్నా, లేపాడు. వ్యానులో ఉన్న వాళ్ళందరూ లేపారు.